తమ్ముడి తీగల సంచి

మా తమ్ముడు కచేరీల్లో గిటార్ వాయిస్తాడు. మొన్న పాట మధ్యలో తీగ తెగింది. కొత్త తీగ సంచిలో వైర్ల కింద ఎక్కడో చిక్కుకుంది. వాడు వెతుకుతుండగానే పాట అయిపోయింది. ఇంకోసారి ఇలాగైతే వేరేవాణ్ణి పెట్టుకుంటానన్నాడు బృందం నడిపే ఆయన.

అందుకే ఈరోజు సంచుల కొట్టుకెళ్లాం. తమ్ముడు తన సామానంతా బల్లమీద కుమ్మరించాడు.

"ఏంటన్నా, కాపురం ఇక్కడే పెడతావా?" అంటూ కొట్టతను ఎటు చూసినా జేబులే ఉన్న సంచి తీశాడు.

"ఇన్ని జేబులైతే తీగ సంగతి దేవుడెరుగు, నేనే తప్పిపోతా," అన్నాడు తమ్ముడు.

చివరికి పక్కన ఒకే అర ఉన్న మందపాటి సంచిలో అన్నీ సర్ది, కళ్లు మూసుకుని చెయ్యి పెట్టాడు. తీగ చేతికొచ్చింది.

"ఇది బరువురా. నీ భుజం ఇప్పటికే లాగేస్తోంది కదా," అన్నాను.

"భుజానికైతే మందు రాసుకుంటానక్కా. పని పోతే ఏం రాసుకోను?" అన్నాడు నీరసంగా.