కీమ్యాన్‌కు చేయని ఫోన్

గద్వాల, వనపర్తి మధ్య ఒక చిన్న స్టేషన్‌లో నేను స్టేషన్ మాస్టర్‌ని. కంట్రోలర్లూ స్టేషన్ మాస్టర్లూ కలిసి పెట్టుకున్న సంఘానికి మా శాఖ కార్యదర్శిని కూడా. కంట్రోలర్ అంటే దూరాన ఆఫీసులో కూర్చుని ఏ బండి ముందు పోవాలో, ఏది ఆగాలో ఫోన్‌లో చెప్పే మనిషి. మా కంట్రోలర్ సొంతూరు ఖిల్లా ఘణపూర్. ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుకున్నా, ముఖాముఖి కలిసింది రెండు మూడు సార్లే.

ఒక్కో కంట్రోలర్ చేత ఇద్దరి డ్యూటీ చేయించడం ఆపాలని ఆ ఎండాకాలం మా సంఘం ధర్నా తలపెట్టింది. ఆ మధ్యాహ్నం డ్యూటీలో కూర్చునే సెల్‌ఫోన్‌లో ఆ ఏర్పాట్లు మాట్లాడుతున్నాను. కంట్రోల్ ఫోన్ మోగింది.

"అన్నా, ఉత్త ఇంజన్ ఒకటి పంపుతున్న. టైంటేబుల్ల లేదు. వంపు కాడ కీమ్యాన్ ఉంటడు, జర ఫోన్ జేసి చెప్పు."

"చెప్త," అన్నాను.

కీమ్యాన్ రోజూ పట్టాల వెంట నడుస్తూ వదులైన బిగింపులను సుత్తితో కొట్టి సరిచేస్తాడు. వంపు దగ్గర బండి మీదికొచ్చేదాకా కనపడదు, సుత్తి చప్పుళ్లో వినపడదు కాబట్టి అనుకోని బండి వస్తే అతనికి ముందుగా ఫోన్ చేయడం మా దగ్గర అలవాటు. ఏ రూల్ బుక్కులోనూ లేదు. ఇంజన్‌కు సిగ్నల్ ఇచ్చి మళ్లీ సెల్‌ఫోన్ అందుకున్నాను. ధర్నాకు టెంట్ ఎంత పెద్దది వేయాలన్నది మాట. మూడు వందల మందికి సరిపోవాలి అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులోనే నాకు వినిపిస్తుంది.

'వంపు కాడ మనిషిని గుద్దిన' అని ఇంజన్ డ్రైవర్ వాకీటాకీలో అరిచినప్పుడే నాకు కీమ్యాన్ గుర్తొచ్చాడు.

విచారణలో సిగ్నల్ గురించి అడిగారు, చెప్పాను. ఫోన్ గురించి ఎవరూ అడగలేదు, నేను నోరు తెరవలేదు. 'మృతుని అజాగ్రత్త' అని రాసి ముగించారు. మర్నాడు కంట్రోలర్ ఒక్క మాట అడిగాడు.

"నేను నీకు చెప్పిన కద అన్నా?"

"చెప్పినవ్."

అతను ఇంకేమీ అడగకుండా తర్వాతి బండి టైము చెప్పాడు.

కీమ్యాన్ భార్యకు ఉద్యోగం ఇవ్వాలని మా సంఘం తరఫున వినతిపత్రం రాసింది నేనే. ఉద్యోగం వచ్చింది. పట్టాలు మార్చి, వచ్చే బండికి జెండా చూపే పాయింట్స్‌మన్‌గా ఆమెను వేసింది నా స్టేషన్‌కే. లింగాల వైపు కూలి కుటుంబం నుంచి వచ్చిన మనిషి. పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫాం చివర నిటారుగా నిలబడేది.

ఎండకు పట్టాలు సాగి టిక్కు టిక్కుమంటాయి. ఇదివరకు పట్టించుకునేవాడిని కాదు. ఇప్పుడా చప్పుడు సుత్తి దెబ్బలా తోచి బయటికి వచ్చి వంపు వైపు చూసేవాడిని.

"ఎవలన్న పిలిచిండ్రా సార్?" అనేది ఆమె.

"లేదమ్మా."

రెండేళ్లు గడిచాక ఒకరోజు నాకు టీ ఇస్తూ తనే అంది. "ఆయనకు చెవులు మంచిగనే ఇనపడుతుండె సార్. సెల్లు చూసుకుంట సచ్చిండని ఊరంత అంటున్నరు. మా అత్త గూడ గదే మాట. నాకు నమ్మబుద్ధి గాదు."

కప్పు కింద పెట్టాను. జరిగినదంతా చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"రెండేండ్లు నా చేతి చాయ్ తాగినవ్ గద సార్. నాకెందుకు చెప్తున్నవ్? నీ బరువు దించుకోనీకా?" అంది. "చెప్పాల్సినోళ్లకు చెప్పు. ఆయన తప్పు లేదని కాయితం మీద రావాలె," అని జెండా తీసుకుని వెళ్లిపోయింది.

శాఖ మీటింగులో లేచి చెప్పాను. మా అధ్యక్షుడు తలపట్టుకున్నాడు.

"అయిందేదో అయింది. గిప్పుడు నోరు తెరిస్తే నీ ఒక్కనికే గాదు, కంట్రోలర్‌కు గూడ పరేషాన్. సంఘం మీద మచ్చ."

ఎన్నడూ మీటింగుకు రాని కంట్రోలర్ ఆ రోజు వెనక వరుసలో ఉన్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"నేను సాక్ష్యం చెప్త," అన్నాడు లేచి. "పొద్దటి సంది ఇద్దరి డ్యూటీ జేస్తుంటి ఆ దినం. నువ్వు కీమ్యాన్‌కు చెప్పినవా లేదా అని ఇంకొక్కపారి అడగాల్సుండె. అడగలే. నిద్రల గూడ అడుగుతనే ఉన్న."

ఇద్దరం రాసిచ్చాం. నన్ను సస్పెండ్ చేశారు, తర్వాత మరో స్టేషన్‌కు మార్చారు. కార్యదర్శి పదవి నేనే వదులుకున్నాను. విచారణ తిరిగి తెరిచి 'అజాగ్రత్త' అన్న మాట కొట్టేశారు. అనుకోని బండి వస్తే కీమ్యాన్‌కు ఫోన్ చేసి, చేసిన టైము పుస్తకంలో రాయాలని సంఘం పట్టుబట్టి ఆర్డర్ తెప్పించింది.

'అజాగ్రత్త' కొట్టేసిన ఆ విచారణ కాయితం నకలు ఇవ్వడానికి వెళ్తే ఆమె నిలబడే చదివింది. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. నన్ను కూర్చోమనలేదు. "మా అత్తకు చూపిస్త," అని మడిచి సంచిలో పెట్టుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడదు.