మందుపాతర వద్దన్న మా బాబాయి

మొన్న పొద్దున కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త కనబడింది. మందుపాతరలు ఇక వాడబోమని ఒకప్పుడు సంతకాలు పెట్టిన దేశాల్లో కొన్ని ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాయట. మన దేశం అసలు సంతకమే పెట్టలేదు కాబట్టి మనకా బెడద లేదు. చదవగానే మా బాబాయి గుర్తొచ్చాడు. ఆ వార్త చూడకుండా పోవడమే ఆయనకి దక్కిన అదృష్టమేమో.

మాది చల్లపల్లి పక్కన ఊరు. వరిచేలల్లో పెరిగిన బాబాయి సైన్యంలో చేరాడు. సరిహద్దులో యుద్ధం వచ్చేట్టుందన్నప్పుడు, పంజాబులో పచ్చగా ఎదుగుతున్న గోధుమచేలల్లో మందుపాతరలు పాతే పని ఆయన దళానికి పడింది. "రైతు బిడ్డని వెతికి మరీ పొలంలోకే పంపారమ్మా" అనేవాడు నవ్వుతూ. పాతుతుంటే ఆ చేను తాలూకు ముసలాయన గట్టు మీద కూర్చుని చూసి చూసి, "ఇది ఎన్నాళ్ళకి కోతకొస్తుంది బాబూ?" అని అడిగాడట. యుద్ధం రాలేదు. పాతినవన్నీ తీయమన్నారు. తీస్తుంటే ఒకటి పేలి, బాబాయి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది.

పింఛను తీసుకుంటూ ఇంటిపట్టున ఉండొచ్చు గదా, అబ్బే. చెక్క బోర్డు ఒకటి చేయించి, దాని మీద తెగిన కాళ్ళ ఫొటోలు అతికించి, ఆదివారాలు విజయవాడ బస్టాండు బయట నిలబడేవాడు. వచ్చేపోయేవాళ్ళకి చెప్పి సంతకాలు పెట్టించుకుని, మందుపాతరలు నిషేధించమని ఢిల్లీకి పంపాలని ఆయన పట్టుదల. అప్పట్లో నేను విజయవాడలో ఓ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని, కరపత్రాలు పంచే పని నాకొచ్చింది. ఆ ఫొటోలు చూసి జనం ఇదేదో షుగరు జబ్బు ప్రచారమనుకునేవారు. "ఏ ఆస్పత్రండీ మీది? కన్సల్టేషను ఎంత?" అని అడిగినవాళ్ళే ఎక్కువ. కరపత్రం చదివినవాళ్ళకేమో మందుపాతరంటే నక్సలైట్లే. ఒకసారి ఎస్సై గారొచ్చి కాగితం అటూ ఇటూ తిప్పి, "మీరు వాళ్ళకి అనుకూలమా, వ్యతిరేకమా? ఏదో ఒకటి చెప్పండి సార్" అన్నాడు. "పాతేవాళ్ళందరికీ వ్యతిరేకమేనండీ, నాతో సహా" అన్నాడు బాబాయి. ఎస్సై గారు కాగితం తిరిగిచ్చేసి, ఫుట్‌పాత్ కి అడ్డం రాకుండా చూసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

ఓ క్లబ్బువాళ్ళు పిలిచి శాలువా కప్పారు. శత్రువుల గుండెల్లో మందుపాతరలు పేల్చిన వీరుడని అధ్యక్షుల వారు పొగుడుతుంటే హాలంతా చప్పట్లు. బాబాయి మైకు తీసుకుని, "శత్రువుని నేను చూడనే లేదండీ. మేం పాతినదాని మీద అడుగేసింది ఒక గేదె. దాన్ని తోలుకురావడానికి వెనకే పరిగెత్తిన ఓ ఆడపిల్ల" అన్నాడు. ఆ పిల్ల సంగతి అప్పటిదాకా పిన్నికి కూడా తెలియదు. 

మిరపకోతల రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు ముఠాలుగా దిగుతారు. అలా దిగినవాళ్ళలో ఒకామె, చంకలో వెదురు కర్రతో, బోర్డు ముందు ఆగిపోయింది. ఆమెకి కుడి పాదం లేదు. నిలబడి కోయడం కుదరదు కాబట్టి కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తుందట. బాబాయి తన మిలిటరీ హిందీలో పలకరించాడు. అడవిలో ఇప్పపూలు ఏరబోయి తొక్కిందట. ఎవరు పాతిందో అడగమన్నాను నేను. ఆమె నావంక వింతగా చూసి, "ఎవరిదో అడిగి తొక్కుతామా?" అంది. బోర్డు పెట్టిన ఇన్నాళ్ళలో విషయం చెప్పకుండానే అర్థమైన మనిషి ఆమె ఒక్కతే.

బాబాయి ఆమెని వెంటబెట్టుకెళ్ళి కృత్రిమ పాదానికి కొలతలిప్పించాడు. అది తయారై వచ్చేసరికి కోతలైపోయి ముఠా వెళ్ళిపోయింది. వచ్చే ఏడు వస్తుంది కదా అని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టాడు. మరుసటి ఏడు ముఠా వచ్చింది, ఆమె రాలేదు. మేస్త్రీని అడిగితే, "ఆ ఊరే ఖాళీ అయిపోయిందండీ. ఎవరెటు పోయారో" అన్నాడు. పోనీ ఇంకెవరికైనా ఇద్దామని తిరిగాం. ఒకరి కొలతకి చేసింది ఇంకొకరికి పనికిరాదన్నారు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు బోర్డు పెట్టాడు గానీ జనాన్ని పిలవడం మానేశాడు. సంతకాలు ఢిల్లీకి పంపాం. అందాయన్న జవాబు కూడా లేదు. ఓ ఆదివారం మా ఊళ్ళో నాతో పాటు బస్సెక్కబోయి, మెట్టు మీద చెయ్యేసి ఆగి, "ఇక చాల్లేమ్మా" అని ఇంటికి తిరిగొచ్చేశాడు.

చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని, ఏదో ఓదార్పు మాట చెప్పాలి గదా అని, "పోన్లే బాబాయ్, నువ్వు పాతినవన్నీ తీసేశారు. అంతవరకైనా మంచిదే కదా" అన్నాను. "వానలకి కాలవ పొంగి కొన్ని కొట్టుకుపోయాయమ్మా. వెతికాం. దొరకలా" అన్నాడు.

బాబాయి వయసు అరవై నిండకుండానే ఆగిపోయింది. ఎక్కడో ఏ మట్టికిందో ఆయన చేత్తో పెట్టినవాటికి మాత్రం ఏటా ఇంకో ఏడు నిండుతూనే ఉంది.