ఒకటో నంబర్ ఖాజాబక్కది

నిన్న పొద్దున్నే ఫోన్. ఖాజాబక్క కూతురు షాహీన్.

"మామా, అమ్మీ పోయింది."

"పొద్దుపొద్దున్నే నాతోనే జోకులా బిడ్డా?" అన్నాను.

మా సెంటర్లో గొంతు మార్చి దొంగ ఫోన్లు చేసి ఆటపట్టించేది నేనొక్కడినే కదా. నాకే రివర్స్ కొడుతున్నారనుకున్నా.

షాహీన్ ఏడుపు ఆపలేదు. అప్పుడు అర్థమైంది.

ఖాజాబక్క లేదు. మా జిరాక్స్ షాపు పక్క షట్టర్ ఆమెది. లేడీస్ టైలర్. ఛాతీలో నొప్పి అందట. భద్రాచలం దవాఖానాకు ఆటో మాట్లాడేలోపే అయిపోయింది.

దూరంగా ఉన్నవాళ్లకు చెప్తున్నా.

మా సెంటర్ దాటితే వాగు. అవతల ఐదు గూడేలు. బ్రిడ్జి లేదు. నాలుగేళ్ల కింద నొప్పులొచ్చిన నిండు నెలల పిల్లను మంచం మీద మోసుకొచ్చి, వాగు తగ్గేదాకా అవతలి ఒడ్డునే కూర్చున్నారు. వాగు తగ్గేసరికి ఆ పిల్ల లేదు.

ఆ పిల్ల కుట్టమని ఇచ్చిన జాకెట్ గుడ్డ అక్క షాపులోనే ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి అక్క బ్రిడ్జిని పట్టుకుంది.

గూడెం ఆడవాళ్లు జాకెట్లకు వస్తే కొలతలు తీసుకుంటూనే చేతిలో పోస్టుకార్డు పెట్టేది. "మీ వాగు సంగతి ఎమ్మెల్యేకు మీరే చెప్పాలె. నేను చెప్తే నా ఒక్కదాని ముచ్చటైతది" అనేది. రాయడం రానివాళ్లు చెబుతుంటే రాసి, వేలిముద్ర వేయించేది.

ప్రతి సోమవారం నా షాపులోని ఎస్టీడీ బూత్ నుంచి ఎమ్మెల్యే పీఏకు ఫోన్. ఆయన అరుపు బయటికి కూడా వినిపించేది.

"మళ్లా నువ్వేనా అమ్మా?"

"నేనే సార్. వాగు గూడ ఆడ్నే ఉంది."

దరఖాస్తు ఇచ్చిందంటే, రెండో కాపీ మీద ముట్టినట్టు స్టాంప్ పడందే ఆఫీసు మెట్లు దిగేది కాదు.

కానీ అసలు కష్టం మొదటి సంతకం.

మా దగ్గర కాగితం మీద ఫస్ట్ పేరంటే ఏంటో అదీ చెప్పాలి. ఎవరు రాయించారని పోలీసులు పిలుస్తారు. రోడ్డు పడితే జీపులొస్తాయి, నీకెందుకంత తొందర అని అడవిలోవాళ్లు పిలుస్తారు.

రెండో నంబర్ నుంచి అందరం మొనగాళ్లమే.

ఒకటో నంబర్ ఎప్పుడూ అక్కదే.

నా పేరా? ఇరవై దాటాక వెతకండి. అదీ గీతలే. నాకే చదవరాదు.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు బూత్‌లో కూర్చుని, గొంతు మార్చి, పక్క షాపులోనే ఉన్న అక్క ల్యాండ్‌ఫోన్‌కు కొట్టాను; దానికి ఫోన్లు రావడమే, పోవడం లేదు. పెద్ద పోలీసాఫీసర్ని అన్నట్టు.

"వాగు కాయితం మీద ఫస్ట్ సంతకం ఎవలది?"

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.



"నాదే సార్. ఖాజాబీ. టైలర్ షాపు. రాస్కోండ్రి."

 పేరు స్పష్టంగా చెప్పింది.

ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వాను. పొద్దున చెప్పి నాలుగు తిట్లు తిందామనుకున్నా.

పొద్దున పోతే మిషన్ పక్కన ఒక సంచి. రెండు చీరలు, సబ్బు, బీపీ మాత్రలు.

"ఏందక్కా, ఊరికి పోతున్నవా?"

"ఏమో తమ్మీ, తోల్కపోతరేమో. రాత్రంతా నిద్ర లేదు. నేను రాకపోతే షట్టర్ తాళం షాహీన్‌కియ్యి. గూడెపోళ్ల జాకెట్లు ఆ మూల ఉన్నయ్, జల్దీ ఇప్పియ్యి."

తల ఊపి నా షాపుకొచ్చేశా.

ఇవాళ చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే ఉన్నా. ఆ సంచి మిషన్ పక్క నుంచి కదల్లేదు. షట్టర్ ముందు జీపు స్లో అయితే అక్క సంచి వైపు చూసేది. నేను అక్క వైపు చూసేవాణ్ని.

అంత భయపడుతూ కూడా తర్వాతి కాగితం మీద మళ్లీ ఫస్ట్ సంతకం పెట్టింది.

మొన్న సాయంత్రం కొత్త దరఖాస్తు నా టేబుల్ మీద పెట్టింది. సోమవారం, అంటే రేపే, ఎమ్మెల్యే మండలాఫీసుకు వస్తున్నాడు. చేసే పనుల లిస్టు రాసుకుంటాడట. రేపు తప్పితే మళ్లీ వానలే.

"అందరితోని సంతకాలు పెట్టియ్యి కోతీ. నా జాగ ఇడ్వు. పొద్దున్నే వచ్చి పెడ్త."

పొద్దున్నే ఆమె రాలేదు. షాహీన్ ఫోన్ వచ్చింది.

నిన్న అక్కకు మట్టిచ్చి ఖబరస్తాన్ నుంచి అందరూ నేరుగా నా షాపుకే వచ్చారు. గూడేలవాళ్లు కూడా. వరసగా సంతకాలు పెట్టారు. రెండు నుంచి అరవై మూడు దాకా నిండిపోయింది.

ఒకటో నంబర్ ఖాళీ.

అందరూ నా మొహం చూశారు. నేను ఫ్యాన్ చూశాను.

భయంగా ఉంది. దాచడానికేముంది. మా ఇంటిదాన్ని చూస్తే ఇంకా భయమేస్తోంది. "నీకెందుకయ్యా" అని పొద్దట్నుంచి ఏడుస్తోంది.

ఇందాక ఒకటో నంబర్లో నా పేరు రాశాను.

ఐదో క్లాసులో మానేసిన చెయ్యి. గీతలు కాదు. ఒక్కో అక్షరం, గుండ్రంగా, ఎవడైనా చదివేలా. ఇంటిపేరుతో సహా.

అప్పటినుంచి షాపు ఫోన్ మోగితే ఎత్తట్లేదు.

సంచి సర్దుకున్నా. రెండు లుంగీలు, సబ్బు, షుగర్ మాత్రలు. జిరాక్స్ మిషన్ పక్కనే ఉంది.

రేపు రెండో కాపీ మీద స్టాంప్ వేయించందే మెట్లు దిగను అక్కా.

ఆ రోజు ఫోన్ చేసింది నేనే. మాఫ్ చెయ్యి.

నీ సంచి షాహీన్ ఇంటికి తీసుకుపోయింది. ఇక నీకు దాంతో పని లేదు. ఏ జీపు చప్పుడూ వినపడని చోట కంటినిండా నిద్రపో. అల్లా నీకు చల్లని జాగా ఇయ్యాలె.