బాపు ఎక్కిన ఉట్నూర్ గుట్ట

నస్పూర్ బొగ్గుబావిలో పైకప్పు కూలి మా బాపు కుడికాలు నుజ్జయినప్పుడు, ఇక కర్ర పట్టుకుని ఇంట్లో తిరిగితే అదే గొప్ప అన్నాడు డాక్టరు. మంచం మీదున్న ఆయనకు సాయంత్రాలు బైబిల్ చదివి వినిపించేదాన్ని. మోరీయా కొండ మీద అబ్రాహాముకు బలివ్వబోయిన కొడుకు మళ్లీ దక్కాడు. సీనాయి మీద మోషేకు ఆజ్ఞలు అందాయి. చావు కోరుకున్న ఏలీయాతో దేవుడు హోరేబు కొండ మీదే మెల్లగా మాట్లాడాడు. "అందర్ని గుట్టమీదికే ఎందుకు పిలుస్తడు బిడ్డా?" అని బాపు అడిగాడు. కొండంటే దేవునికి దగ్గరి చోటని, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే జవాబే చెప్పాను. "ఇన్నేండ్లు భూమి కిందికే దిగిన. ఒక్కసారన్న పైకెక్కాలె," అన్నాడు ఆయన.

బాపు కర్రతో నడవగలిగాక, క్రిస్మస్ పండుగ కాగానే ఇద్దరం ఉట్నూర్ గుట్టకు బయలుదేరాం. మంచిర్యాలలో పొద్దున్నే బస్సెక్కితే లక్సెట్టిపేట, జన్నారం మీదుగా మధ్యాహ్నంలోపే ఉట్నూర్ చేరవచ్చు. నైజాం రోజుల్లో ఈ దారి బండ్లబాటేనట. ఉట్నూర్‌లో రానుపోను ఐదు వందల రూపాయలకు జీపు మాట్లాడుకున్నాం. గుట్ట కింద దిగగానే డ్రైవరు యూసుఫ్ బాపు కాలు చూశాడు.

"చాచా, గీ కాలుతోని ఎక్కుతవా? జర సోంచాయించు, ఆలోచన చెయ్యి."

"సోంచాయించే వచ్చిన," అని బాపు నడక మొదలుపెట్టాడు. యూసుఫ్ కూడా మా వెంట వచ్చాడు.

మొదట్లో బాట తేలికగానే ఉంది. సగం దాటాక బండలు మొదలయ్యాయి. అక్కడ కాలు మడతపడి బాపు కూలబడ్డాడు. మొహం తెల్లగా పాలిపోయింది.

"చాలు బాపూ, ఇక్కడే ప్రార్థన చేసుకుందాం. మోషే సుత దేవుడిస్తనన్న కనానును దూరంకెళ్లే చూసిండు కద."

"నెబో గుట్ట కొనమీద నిలబడి చూసిండు బిడ్డా, సగంలకెళ్లి కాదు," అన్నాడు రొప్పుతూ.

యూసుఫ్ ఎత్తుకోబోతే ఆపాడు. "మొయ్యకు. కింద నిలబడు, జారితె పట్టు." బండకు వీపు ఆనించి, చేతులు మోపి, కూర్చునే వెనక్కి వెనక్కి పైకి జరిగాడు. అరచేతులు చీరుకుపోయాయి. ఆగాడు, మళ్లీ జరిగాడు. ఆఖరి బండ దాటి కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాక, చుట్టూ అడవి, దాని వెనక నీలంగా గుట్టల వరుసలు కనిపించాయి.

"ఎక్కిన!" అని గొంతెత్తి అరిచాడు. కింద జొన్న కోస్తున్న గోండు ఆడవాళ్లు తలలెత్తి చూసి, నవ్వుతూ కేకలు వేశారు. బాపు చర్చిలో ఎప్పుడూ నోట్లోనే గొణుక్కునే కీర్తనను ఆ రోజు నిండు గొంతుతో పాడాడు. యూసుఫ్ టోపీ సర్దుకుని, పాట అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు. నేను ఏడుస్తూనే గొంతు కలిపాను.

ఇప్పుడు ఆదివారం బడిలో పిల్లలకు ఆ బైబిల్ కొండల గురించి చెప్పేటప్పుడు ఇంకో మాట కలుపుతున్నాను. అబ్రాహాము పగిలిన గుండెతో ఎక్కాడు, ఏలీయా బతుకు మీద విరక్తితో ఎక్కాడు. బలం చూసి దేవుడు వాళ్లను పిలవలేదు. వాళ్లు ఎక్కారు, ఆయన అక్కడ ఉన్నాడు.

మీరూ వెళ్తే జీపును సాయంత్రందాకా ఆగేలా ముందే మాట్లాడుకోండి. పైకి చేరినవాళ్లకు వెంటనే దిగబుద్ధి కాదు.