చెయ్యెత్తితే ఆగని బస్సు

డయాలసిస్ మొదలైన కొత్తలో నాకు సూదులకన్నా తిరుగు ప్రయాణమంటేనే ఎక్కువ భయం. యంత్రం పక్కన అంతసేపు పడుకుని లేచాక ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుండేది. ఆ స్థితిలో నాగర్‌కర్నూల్ బస్టాండులో పాత డీజిల్ బస్సెక్కితే, పొగ వాసనకే కడుపులో తిప్పేది. బిజినేపల్లి వైపు పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. రోడ్డు మీద ఊరి కమాను దగ్గర దిగేలోపు కవర్లో వాంతి చేసుకోని రోజు లేదు. పక్కన కూర్చున్నవాళ్లు లేచి వెనక్కి పోయేవాళ్లు. మా ఆయన ఆ కవర్ మూతి ముడేసి, దిగేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చునేవాడు.

మాకు పిల్లల్లేరు. కౌలు పొలంలో పల్లీ వేసేవాళ్లం, నేను ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేదాన్ని. కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక వారానికి మూడుసార్లు దవాఖానకు పోవడమే మా పని అయింది. మిగతా పనులన్నీ ఆ మధ్య రోజుల్లో సర్దుకోవాల్సినవి.

అలాంటి సమయంలో మా దారిలో పాత బస్సులు తీసేసి కరెంటు బస్సులు వేశారు. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా తిరిగేవి. మొదటిసారి ఎక్కినప్పుడు బండి కదిలిన సంగతి కిటికీలోంచి చూస్తేగాని తెలియలేదు. పొగ లేదు, అదురు లేదు. ఒక ఆడగొంతు రాబోయే ఊరి పేరు ముందే చెప్పేది. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో కనిపించేది. అంతకుముందు వచ్చేదాకా ఎండలో నిలబడేవాళ్లం. ఇప్పుడు పక్క ఊరు దాటిందని చూసుకుని ఇంట్లోంచి బయలుదేరితే చాలు. ఆ బస్సులో నాకు వాంతులు ఆగిపోయాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కాసేపు నడుం వాల్చి లేచి, నేనే వంకాయ కూర వండాను. మా ఆయన రెండోసారి వేయించుకున్నాడు.

ఆ సుఖం ఎక్కువ రోజులు నిలవలేదు. వానాకాలం మొదట్లో టైంటేబుల్ మార్చారు. ఒక పొద్దున కమాను దగ్గర నిలబడి చెయ్యెత్తాం. బస్సు వేగమైనా తగ్గించకుండా మా ముందు నుంచే వెళ్లిపోయింది. డ్రైవర్ చూసుకోలేదేమో అనుకున్నాం. తర్వాతి బస్సూ అంతే. ఫోన్ తీసి చూస్తే, ఆగే ఊళ్ల వరుసలో మా ఊరి పేరు లేదు.

ఆటో పట్టుకుని దవాఖానకు పోయి, ఆ మరునాడు డిపోకు వెళ్లాం. అక్కడి సారు మంచివాడే. నన్ను కూర్చోబెట్టి, కంప్యూటర్ మా వైపు తిప్పాడు.

"మీ ఊరి కాడ ఎక్కేటోళ్లే లేరని వస్తుందమ్మా," అన్నాడు.

"లేకపోవుడేంది సార్. మేమే ఎక్కుతున్నం గద. కాలేజీ పిల్లలు ఎక్కుతరు, కూరగాయలు అమ్ముకునేటోళ్లు ఎక్కుతరు," అన్నాడు మా ఆయన.

సారు బయట ఉన్న కండక్టర్‌ను పిలిచి అడిగాడు.

"మిషన్‌ల ఆ స్టేజీ పేరే లేదు సార్. చెయ్యెత్తితే ఆపుతుంటిమి, ముందటి ఊరి పేరు మీద టికెట్ కొడుతుంటిమి," అన్నాడు కండక్టర్.

అంటే ఇన్నేళ్లూ మా కమాను దగ్గర ఎక్కినవాళ్లమంతా ముందటి ఊరివాళ్ల కింద జమయ్యాం. ఎక్కడ ఎంతమంది ఎక్కుతారో కంప్యూటర్ ఆ టికెట్లను బట్టి చూసుకుని, ఎక్కడ ఆగాలో నిర్ణయించింది. దాని లెక్కలో మేము లేము.

"రాసి పంపుత," అన్నాడు సారు. "కానీ అది నా చేతుల లేదమ్మా, పైనుంచి మారాలె. బండి యాడ ఆగింది, ఎంతసేపు ఆగింది, అన్నీ కనపడతయి. స్టేజీ లేని కాడ ఆపితే డ్రైవర్‌కు మెమో వస్తది."

ఆయన గొంతులో విసుగు లేదు. కసిరినా బాగుండేది, ఎవరిమీదో ఒకరి మీద కోపం తెచ్చుకునేదాన్ని.

వారానికి మూడుసార్లు ఆటోకు పెట్టే డబ్బు మా దగ్గర లేదు, ముందటి ఊరిదాకా నడిచే ఓపిక నాకు లేదు. ఇక బైకే దిక్కయింది. పోయేటప్పుడు ఎలాగో కూర్చునేదాన్ని. వచ్చేటప్పుడు బీపీ పడిపోయి మెడ నిలిచేది కాదు. అందుకని మా ఆయన తన నడుముకూ నా నడుముకూ కలిపి తువ్వాల కట్టేవాడు. నడుపుతూ మధ్యమధ్య అడిగేవాడు.

"ఏమే, ఉన్నవా?"

"ఉన్న."

ఒకరోజు ఆయన అడగడం వినిపించింది, కానీ నోరు పెగల్లేదు. బండి పత్తిచేను పక్కన ఆపి, తువ్వాల విప్పి నన్ను గట్టు మీద పడుకోబెట్టాడు. మొహం మీద నీళ్లు చల్లాడు. కళ్లు తెరవలేకపోయినా చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. నా పక్కనే కూర్చుని ఆయన ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి ఏడుపు నేను వినలేదు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. పొద్దున్నే చెప్పాను.

"నేను ఇగ రాను. నువ్వు పొలం చూస్కో."

"రాకుంటే ఏమైతదో తెల్సా నీకు?"

"తెల్సు."

బతిమాలాడు, తిట్టాడు, అన్నం మానేశాడు. నేను కదల్లేదు. ఒకసారి మానేశాను, దాని తర్వాతదీ మానేశాను. చావడమంటే నిద్రలాంటిదేమో అనుకున్నాను. అది అలా రాలేదు. కాళ్లు ఉబ్బాయి. వెల్లకిలా పడుకుంటే నీళ్లలో మునిగినట్టుండేది. గోడకు ఆనుకుని కూర్చుని గాలి కోసం నోరు తెరిస్తే గొంతులో గురగుర. అప్పుడు నాకు బతకాలనిపించింది. ఆ మాట చెప్పడానికి ఊపిరి చాలక ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బయట వాన పడుతోంది. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే అమ్రాబాద్ వైపు ఇంకెవరినో తేవడానికి పోయిందన్నారు. ఆటోలు లేవు. బైక్ మీద కూర్చునే స్థితిలో నేను లేను. మా ఆయన నన్ను చేతులమీద ఎత్తుకుని కమాను దాకా నడిచాడు. రోడ్డు కింది మోరీ గట్టు మీద కూర్చోబెట్టి ఫోన్ చూశాడు. బస్సు దగ్గర్లోనే ఉంది.

"ఆగదు," అన్నాను.

ఆయన నడి రోడ్డు మీదికి పోయి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆ బస్సుకు చప్పుడుండదు. వాన తెరలోంచి ఒక్కసారిగా బయటికొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు ఆయనకు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఆగి ఉంది.

డ్రైవర్ కిందికి దిగాడు. "సావనీకి నా బండే దొరికిందా అన్నా. నువ్వు సస్తే నేను జైలుకు పోత."

మా ఆయన చేతులు జోడించాడు. "నన్ను ఎంతనన్న తిట్టు తమ్మీ. ఆమెను జర ఎక్కించుకో. ఊపిరి ఆడుత లేదు."

లోపలి నుంచి ఎవరో ఆలస్యమవుతోందని అరిచారు. డ్రైవర్ నన్ను చూశాడు. అద్దం పైనున్న కెమెరా వైపు ఒకసారి చూశాడు. తర్వాత తనే వచ్చి నా కాళ్లు పట్టాడు. ఇద్దరూ కలిసి నన్ను ముందు సీట్లోకి చేర్చారు. ఎవరో ముసలామె నన్ను తన భుజానికి ఆనించుకుని, నాగర్‌కర్నూల్ దాకా కొంగుతో విసురుతూనే ఉంది.

దవాఖానలో వెంటనే యంత్రం పెట్టి ఒంట్లో చేరిన నీళ్లు తీశారు. బతికాను.

ఆ డ్రైవర్‌కు మెమో వచ్చిందని, ఇంకో దారికి మార్చారని తర్వాత కండక్టర్ చెప్పాడు. మా ఆయన డిపోకు పోయి తప్పు తనదేనని చెప్పి వచ్చాడు. సారు విన్నాడట, అది కూడా రాసి పంపుతానన్నాడట. ఇప్పటికీ మా కమాను దగ్గర బస్సు ఆగదు. కాలేజీ పిల్లలు ముందటి ఊరిదాకా నడుస్తున్నారు.

మేము ఇక ఊళ్లో ఉండలేకపోయాం. పల్లీ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే సమయంలో చేనును పొలం ఆసామికి అప్పజెప్పి, దవాఖాన వెనక సందులో ఒక గది తీసుకున్నాం. యాభై దాటిన మనిషి మార్కెట్ యార్డులో హమాలీ పనికి పోతున్నాడు. మొన్న డయాలసిస్ అయ్యాక నన్ను గదికి తీసుకొచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"గిట్ల ఎన్ని దినాలు?" అని అడిగాను.

"తెల్వదు," అన్నాడు.

ఇంకేదో చెబుతాడని చూశాను. చెప్పులైనా విప్పకుండా నిద్రపోయాడు. విప్పుదామని వంగితే నాకు కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని, ఆయన కాళ్ల దగ్గరే కూర్చుండిపోయాను.