మాట మోయనన్న రోజు

నా చిన్నప్పుడు ఒక పోస్టుకార్డు నన్ను కాపాడింది. ఆ సంగతి ఇప్పుడు రాసిపెట్టవలసిన అవసరం మా మనవరాలి వల్ల కలిగింది. మా అబ్బాయి, కోడలు ఈ ఏడాది వేరుపడ్డారు. మొన్న తండ్రి చెప్పమన్న ఒక కటువైన మాటను తల్లికి ఎలా చెప్పాలో తెలియక ఆ పిల్ల నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు నాకు కొత్త కాదు.

మా అమ్మా నాయనా విడిపోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. నాయన తాడిపత్రిలో నాపరాళ్ల పనిలో ఉండేవాడు. నేనూ అమ్మా నల్లమాడలో, అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లం. నెలకొకసారి నన్ను కండక్టరుకు అప్పగించి నాయన దగ్గరకు పంపేవారు. వారిద్దరి మధ్య మాటలు లేవు. అటు మాట ఇటు, ఇటు మాట అటు నేనే చేరవేయాలి.

ఒకసారి నాయన, "ఉగాదికి నిన్ను ఈడనే ఉంచుకుంటానని మీయమ్మతో చెప్పు. అడ్డమొస్తే ఊరుకోనని గూడా చెప్పు" అన్నాడు. ఇంటికి వెళ్లాక నాకు నోరు రాలేదు. "పండక్కి నిన్ను గూడా రమ్మన్నాడమ్మా" అన్నాను. అమ్మ నమ్మింది. దాచుకున్న చీర కట్టుకుని పండుగకు నాతో బస్సెక్కింది. తలుపు తీసిన నాయన, "నిన్నెవరు రమ్మనింది?" అన్నాడు. అమ్మ గడప దాటకుండానే నన్ను వెంటబెట్టుకుని వెనుదిరిగింది. ఇంటికి రాగానే ఆ చీర మడిచి పెట్టె అడుగున పెట్టేసింది.

వారు ఇక కలవకపోవడానికి నేనే కారణమని నిశ్చయించుకుని అన్నం మానేశాను. అది తెలిసి, పక్కింట్లో ఉండే పోస్టుమాన్ మామ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, సర్కారు నాకు జీతమిచ్చేది మాటలు మోసేదానికే. ఆ పని నువ్వు చేస్తాంటే నేనేం తినాల?"

నవ్వలేక జరిగిందంతా చెప్పాను. ఆయన కూడా నవ్వు మానేశాడు. "నువ్వు ఆ మాట చెప్పకముందే వాళ్లు విడిపోయినారు గదప్పా. అది పెద్దోళ్ల తగువు, నీది కాదు" అని, సంచిలోంచి ఒక ఖాళీ కార్డు తీశాడు. "ఈసారి ఎవురన్నా చెప్పమంటే ఇది చేతికియ్యి."

మరుసటి నెల నాయన "మీయమ్మతో చెప్పు" అని మొదలుపెట్టగానే కార్డు చాపాను. "నేను చెప్పను నాయనా. రాసియ్యి."

"కార్డు మీదనా? ఊరంతా చదవరేమిరా!"

నేను చెయ్యి దించలేదు. ఆయన చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరకు రెండు వాక్యాలు రాశాడు: "వీనికి తెల్లారుజామున దగ్గు వస్తాండాది. చన్నీళ్లు పోయొద్దు."

కార్డును బస్టాండు దగ్గరి డబ్బాలో వేసి బస్సెక్కాను. మోయవలసిన మాట ఒక్కటీ లేని ఆ ప్రయాణంలో కిటికీ వైపు కూర్చుని, వేరుశనగ చేలను తొలిసారి తీరిగ్గా చూశాను. మూడో రోజు మామ ఆ కార్డును అమ్మ చేతికే ఇచ్చాడు. అమ్మ రెండుసార్లు చదువుకుని, తనకూ ఒక కార్డు కావాలని అడిగింది. వారు మళ్లీ కలిసి బతకలేదు. అయితే ఆ తరువాత నాతో మాట పంపనూ లేదు.

ఈ కథ విన్న మనవరాలు నా ఎదుటే తండ్రికి ఫోన్ చేసి, "అమ్మకు నువ్వే చెప్పు నాన్నా. నేను చెప్పను" అన్నది. అరవై ఏళ్లనాటి నా గర్వం ఆ క్షణాన రెట్టింపయింది.

ఈ రాతలో భాషాదోషాలు, సంఘటనల వరుసలో పొరపాట్లు ఉంటే చదువరులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. మా నాయన రాసిన రెండు వాక్యాలను మాత్రం ఉన్నవి ఉన్నట్లే ఉంచండి.