అర సైజు వయొలిన్

ఆ వీధిలో ఆమెను అందరూ టేపక్క అనేవారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. దుకాణమంటే ఇంటి ముందుగదే. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారన కత్తిరింపుల బల్ల, మేకులకు వేలాడే గౌన్లు, బడి యూనిఫారాలు. పిల్లల బట్టలకు ఆమెది పెట్టింది పేరు. ఏది కుట్టినా అంచు లోపల నాలుగు వేళ్ళ మడత వదిలేది. "ఎదిగే పిల్లలు. ఏడాదికోసారి మడత విప్పుకుంటే మూడేళ్ళు తొడగొచ్చు," అనేది.

ఆమె చిన్నప్పుడు తాటిచెట్టులా సాగింది. ఆర్నెల్లకే బట్టలు పొట్టయిపోయేవి. బూట్లయితే మరీ. కాలివేళ్ళు లోపలికి ముడుచుకుని రెండేళ్ళు బడికి నడిచింది. తన కూతురికి మాత్రం ఏదీ బిగుతు కానివ్వకూడదని అప్పుడే అనుకుంది, ఇంకా పెళ్ళైనా కాకముందే!

ఆ కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. బళ్ళో సంగీతం మాస్టారు ఒకసారి చేతికిచ్చిన వయొలిన్‌ను వదిలిపెట్టలేదు. "పిల్లకి చెవి మంచిది. ఇంట్లో సాధన చెయ్యడానికి ఒకటి కొనండి," అని ఆయన కబురు పంపాడు.

వయొలిన్లు బాగుచేసి అమ్మే పెద్దాయన దుకాణం నిండా జిగురు వాసన. ఆయన పిల్లను ఎడమచెయ్యి చాపమని, భుజం మీద ఒక చిన్న వయొలిన్ ఆనించాడు. దాని కొసన చుట్టలా తిరిగిన చెక్క సరిగ్గా పిల్ల అరచేతిలోకి వచ్చింది. వేళ్ళు దాని చుట్టూ హాయిగా మూసుకున్నాయి.

"అర సైజు. ఇదే నీది, తల్లీ," అన్నాడాయన.

"దీని పైది ఏదండీ?" అంది టేపక్క.

"ముప్పావు."

అదీ ఆనించి చూపించాడు. ఈసారి చుట్ట పిల్ల వేలికొసలకు మాత్రం తగిలింది.

"అందుతోందిగా! అదే ఇవ్వండి."

"అందడం వేరు, పట్టుకోవడం వేరమ్మా."

"ఎదిగే పిల్లండీ. ఏడాది తిరిగేసరికి సరిపోతుంది. కొలతల సంగతి నాకు చెప్పాలా, నేను చేసే పనే అది!"

"చెక్కకి మడత పెట్టి కుట్టలేం కదమ్మా," అని పెద్దాయన నచ్చజెప్పబోయాడు. ఆమె పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి ఆయన ముప్పావు సైజే ఇచ్చి, "ఇబ్బందనిపిస్తే వెనక్కి తెండి, మారుస్తాను," అన్నాడు.

బళ్ళో ఉన్న చిన్న వయొలిన్ మీద పిల్ల చక్కగానే వాయించేది. ఇంట్లో మాత్రం చిటికెనవేలు తీగ మీద సరైన చోటుకి అందక స్వరం కీచుమనేది. చెయ్యి లాగేసి నాలుగు నిమిషాలకోసారి దించేసేది. పక్కగదిలో గుండీలు కుడుతున్న అత్తగారు ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమే, పిల్ల వయొలిన్‌ని వాయిస్తోందా, వయొలిన్ పిల్లని వాయిస్తోందా?"

టేపక్క నవ్వి ఊరుకుంది. కానీ నెల తిరక్కుండా, సాధన వేళకల్లా పిల్లకు కడుపునొప్పి మొదలయ్యేది. మూణ్ణాళ్ళ ముచ్చటే అయిందని తల్లి కసిరేది. పిల్ల లేచి పెట్టె తెరిచేది.

ఒక ఆదివారం కొత్త గౌను తొడిగి, కూతురిని స్టూలు మీద నిలబెట్టింది. ఎడమ భుజం దగ్గర గుడ్డ ఎగదన్నుతోంది. కత్తెర తప్పిందేమోనని గౌను విప్పించి కొలిచింది. రెండు భుజాలూ సమానంగానే ఉన్నాయి. మళ్ళీ తొడిగింది. మళ్ళీ అదే తీరు.

"తిన్నగా నిలబడవే."

"తిన్నగానే నిలబడ్డానమ్మా."

టేపక్క వెనక్కి వెళ్ళి చూసింది. తేడా గౌనులో లేదు. పిల్ల ఎడమ భుజమే అరంగుళం పైకి లేచి ఉంది. అక్కడ చెయ్యి వేసి నొక్కగానే పిల్ల ముడుచుకుపోయింది.

"నొప్పా?"

"కొంచెమే. నేను ఎదిగితే తగ్గిపోతుందిగా. సరిపోతుందని నువ్వే అన్నావుగా."

టేపక్క కూతురిని స్టూలు మీంచి దింపి, ఆ భుజాన్ని చాలాసేపు నిమురుతూ కూర్చుంది.

మర్నాడు పెట్టె పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని వయొలిన్ దుకాణానికి వెళ్తూ, పెద్దాయన ఎత్తిపొడిస్తే ఏం చెప్పాలో దారి పొడవునా కూడబలుక్కుంది. ఆయన ఏమీ అనలేదు. "చెయ్యి చాపు తల్లీ," అని మాత్రం అని, అర సైజుది భుజాన ఆనించాడు.

"బిగుతు సంగతి నాకు తెలుసండీ. కాలివేళ్ళు ముడుచుకుని నడిచినదాన్ని. వదులు కూడా ఇంత నొప్పి పెడుతుందని తెలీలేదు," అంది టేపక్క నేల చూస్తూ.

"కన్నవాళ్ళు సగం మంది పెద్దదే అడుగుతారమ్మా. ఇది పొట్టయిననాడు తెచ్చిచ్చి, పెద్దది తీసుకెళ్ళండి. ఇప్పటికే దీని మీద నలుగురు పిల్లలు నేర్చుకున్నారు." గడ్డం ఆనే చోట రంగు ఎలా అరిగిందో చూపించాడాయన. టేపక్క ఆ అరుగుదలను వేలితో తడిమి, "మంచి పనితనం," అంది.

అర సైజుది చేతికి రాగానే పాట రాలేదు. వారం రోజులు కీచులు తప్పలేదు. భుజం కిందికి దిగడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. కడుపునొప్పి మాత్రం మళ్ళీ రాలేదు. ఎవరూ పిలవకుండానే పిల్ల పెట్టె తెరిచేది.

ఒక సాయంత్రం టేపక్క యూనిఫారం చొక్కా చేతులు కుడుతోంది. లోపల్నించి ఒక పాట ఎక్కడా తడబడకుండా వస్తోంది. ఆమె పాదం దానంతటదే ఆగింది. వెంటనే లోపల వయొలిన్ కమానూ ఆగింది.

"ఆపకమ్మా! నీ మిషను చప్పుడుతోనే తాళం చూసుకుంటున్నా."

టేపక్క గబగబా మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. పాట మళ్ళీ మొదలైంది. కుట్టు అయిపోయినా తాళం తప్పుతుందని ఆమె పాదం ఆపలేదు. గుడ్డ తిప్పి తొక్కింది, ఇంకోసారి తిప్పి తొక్కింది. పాట పూర్తయ్యేసరికి చొక్కా చేతికి మూతి లేకుండా కుట్టేసి ఉంది.

అత్తగారు దాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. "ఇది తొడిగే పిల్లాడు చెయ్యి ఎట్నించి బయటపెడతాడే?"

టేపక్క కళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. "ఇంకోసారి వాయించవే, తల్లీ," అని లోపలికి కేకేసి, కుట్టు విప్పడానికి బ్లేడు అందుకుంది.